బ్లేడు తగలని వెంట్రుక

కోపం వస్తే నాకు ఒకచోట కాలు నిలవదు. మా ఆయన ఈ సంగతి పెళ్ళయిన వారానికే కనిపెట్టాడు. నేను గదిలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టానంటే చాలు, చప్పుడు చేయకుండా కుర్చీలన్నీ గోడకి జరిపేసి, పేపరు పట్టుకుని మంచమెక్కి కూర్చుంటాడు. దారి ఇవ్వడమే తప్ప అడ్డం రావడం ఆయనకి తెలియదు. ఈ ఏడాది ఒక్కసారైనా అడ్డం వచ్చి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది.

ఇంటి కింది భాగంలో వీధి వైపు గది నా పార్లర్. పదిహేనేళ్ళుగా అందులో ఆడవాళ్ళ చేతుల మీదా కాళ్ళ మీదా మొహాల మీదా అక్కర్లేని వెంట్రుకలు పీకుతున్నాను. 'పీకుతున్నాను' అనకూడదట, 'తీస్తున్నాను' అనాలట. ఇది మా ఆడపడుచు సలహా. తీసేవాళ్ళు పక్క సెలూన్లో ఉన్నారు. వాళ్ళు చర్మం మీద గీసి వదిలేస్తారు, మూడో రోజుకి కథ మళ్ళీ మొదలు. నేను గోరువెచ్చని వ్యాక్సు రాసి, గుడ్డ పట్టీ అంటించి, ఒక్క లాగుడుతో వేరుతో సహా ఊడబెరుకుతాను. ఇక నాలుగు వారాలు నిశ్చింత.

అయితే ఒక షరతు. మళ్ళీ నా దగ్గరికి వచ్చేసరికి వెంట్రుక బియ్యపు గింజంతైనా ఉండాలి. అంతకన్నా పొట్టిగా ఉంటే వ్యాక్సుకి చిక్కదు. ఆ మధ్య రోజుల్లో ఓపిక పట్టలేక బాత్రూంలో దూరి బ్లేడు పట్టుకునేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. "ఒక్కసారి బ్లేడు పడిందా, చీపురు పుల్లల్లా వస్తాయి జాగ్రత్త" అని వచ్చిన ప్రతి మనిషికీ చెబుతాను. నాకు పని నేర్పిన పెద్దావిడ నాకు చెప్పింది. ఆవిడకి ఇంకెవరో చెప్పి ఉంటారు. నిజమా కాదా అని ఏనాడూ అనుకోలేదు. గీసుకుని వచ్చినవాళ్ళ కాళ్ళు తడిమితే గరగరలాడతాయి, నా చేతి కింద ఉన్నవాళ్ళవి మెత్తగా ఉంటాయి. నా వేళ్ళకి తెలిసిన సంగతికి ఇంకొకరి సాక్ష్యం ఎందుకు అనుకున్నాను.

ఆ వేళ్ళని నమ్ముకునే అయిదు నెలలు నా ఆడపడుచుని దొంగని చేశాను.

తను బస్‌స్టేషన్లో అనౌన్సరు. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఎంత ఆలస్యమో మైకులో చెప్పడం తన ఉద్యోగం. ఇంట్లో అందరం మైకు అనే పిలుస్తాం. గంటన్నర ఆలస్యమైన బస్సు గురించి కూడా తను చెబితే జనం తిట్టుకోకుండా వింటారని స్టేషన్ మేనేజరు మా ఆయనతో అన్నాడట. అంత తేట గొంతు. నేను ఈ ఇంటికి వచ్చేసరికి పదమూడేళ్ళ పిల్ల. మొదటిసారి పై పెదవి మీద నూగు చూసి ఏడిస్తే నేనే కూర్చోబెట్టి తీశాను. ఇప్పుడు ఇరవై తొమ్మిది. పెళ్ళి మాటెత్తితే "బస్సు ఇంకా బయల్దేరలేదు వదినా" అంటుంది. చేతులు, కాళ్ళు, పై పెదవి, అన్నీ నెలకోసారి నా దగ్గరే.

ఎనిమిది నెలల కింద గడ్డం మీద నాలుగు నల్లవి కనిపించాయి. ఎవరికి రావు? తీసేశాను. ఇరవై అయిదు రోజులకే మళ్ళీ వచ్చింది. "మొన్న చర్మం లోపల దాక్కున్నవి ఇప్పుడు బయటికొచ్చాయిలే, అన్నీ ఒకేసారి మొలవవు" అని సర్దిచెప్పాను. అది నిజమే, అలా జరుగుతుంది. మూడు నెలలు అలాగే గడిచాక ఇరవై రోజులకే రావడం మొదలుపెట్టింది. ఈసారి నాలుగు కాదు, దవడ పొడుగునా. అప్పుడు అడిగాను, బ్లేడు వాడావా అని. లేదంది. ఇంకో రెండు నెలలకి అది పదహారు రోజులకి దిగినప్పుడు అడగలేదు, వాడావనే అన్నాను.

మా పార్లర్లో ఒక్కొక్కరికీ పుస్తకంలో ఒక పేజీ ఉంటుంది. ఏ తేదీన వచ్చారు, ఎక్కడెక్కడ చేశాను, చర్మం కందిందా లేదా, అన్నీ రాసుకుంటాను. మైకు పేజీలో తేదీ పక్కన ఎర్ర పెన్నుతో 'బ్లేడు' అని రాయడం మొదలుపెట్టాను. తనకి కనిపించేలా, కాస్త పెద్ద అక్షరాలతో.

ఆ ఆదివారం పొద్దున పదకొండో రోజుకే మెట్లు దిగి వచ్చింది. మెడకి స్కార్ఫు చుట్టుకుని, గడ్డం అందులో దాచుకుని, గుమ్మంలోనే నిలబడింది.

"మళ్ళీనా?" అన్నాను.

"మళ్ళీ వదినా."

స్కార్ఫు తీసింది. నా గుండె గుభేలుమంది. గుభేలుమన్నది భయంతో కాదు, ఆ మాటా చెప్పేయాలి. ఇంత చెప్పినా వినలేదే అన్న కోపంతో. గడ్డం నిండా, దవడ కింద, మెడ మీదికి కూడా దిగాయి.

"నిజం చెప్పు. ఎన్నిసార్లు గీశావు?"

"ఒక్కసారి కూడా గీయలేదు. నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్టు పెట్టకు, పోయేది నేను. ఈ ఇంట్లో వెంట్రుకల గురించి నాకు తెలీనిదేమైనా ఉందా? పీకితే సన్నబడాలి, గీస్తే లావెక్కాలి. నీవి లావెక్కుతున్నాయి. ఇంకేం చెప్పాలి?"

"నువ్వే చెప్తున్నావుగా వదినా, ఇంక నన్నెందుకు అడగడం?"

ఆ మాట అన్న గొంతు బొంగురుగా ఉంది. చాలా రోజులుగా అలానే ఉంది. జలుబు అనుకున్నాం. ఫ్రిజ్‌లో నీళ్ళు తాగొద్దని నేనే పోరాను. పదిరోజుల కింద మేనేజరు తనని మైకు ముందు నుంచి లేపి పాసుల కౌంటర్లో కూర్చోబెట్టాడు, గొంతు బాగయ్యేదాకా అని. అది కూడా నాకు వేరే సంగతిలాగే అనిపించింది. నేను వెంట్రుకల మనిషిని, గొంతుతో నాకేం పని?

మాట్లాడకుండా వ్యాక్సు రాశాను. మాట్లాడకుండా లాగాను. మామూలుగా లాగేటప్పుడు ఎడమచేత్తో చర్మం బిగించి పట్టుకుంటాను, నొప్పి తెలియకుండా. ఆ రోజు పట్టుకోలేదు. మైకు కళ్ళమ్మట నీళ్ళు కారాయి, చప్పుడు మాత్రం చేయలేదు. పని అవగానే స్కార్ఫు చుట్టుకుని పైకి వెళ్ళిపోయింది. తలుపు గడియ పడిన చప్పుడు కిందికి వినిపించింది.

ఇక నేను కూర్చోలేకపోయాను. హీటరు ఆపాను, మళ్ళీ వేశాను, తువ్వాళ్ళు మడత పెట్టాను, మడతలు విప్పాను. తను బ్లేడు ఎక్కడ దాస్తోంది? ఇంట్లో గీసుకుంటే చప్పుడైనా, నురగైనా తెలియాలి. అప్పుడు మనసులో వెలిగింది. పక్క సెలూన్! బస్‌స్టేషన్‌కి వెళ్ళేది ఆ సెలూన్ ముందు నుంచే. ఆ సెలూన్ ఆయన దగ్గర చేయించుకుంటోంది! ఇంతకన్నా తలాతోకా లేని ఆలోచన ఉంటుందా అని ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం కేసు తేలిపోయినట్టే అనిపించింది. మైకు గడ్డం మీంచి లాగిన పట్టీని, వెంట్రుకలతో సహా, చేత్తో పట్టుకుని చెప్పులైనా వేసుకోకుండా బయల్దేరాను.

సెలూన్ ఆయనకి అరవై దాటాయి. నున్నటి గుండు. ఖాళీగా కూర్చుని, భూతద్దం పెట్టుకుని పేపరు చదువుకుంటున్నాడు.

"మీరు ఆడవాళ్ళకి కూడా గీస్తున్నారా?" అన్నాను గుమ్మంలోంచే.

ఆయన భూతద్దం దించాడు. "ఏమ్మా, పొద్దున్నే నా మీద పడ్డావు? కూర్చో."

"కూర్చోను. సూటిగా చెప్పండి. మా ఇంట్లోంచి ఎవరైనా మీ దగ్గరికొచ్చి మొహం గీయించుకుంటున్నారా?"

"మీ ఆయన వస్తాడు. ఇంకెవరు?"

పట్టీ ఆయన ముందు టేబుల్ మీద పెట్టాను. "చూడండి ఇవి. ఎంత లావున్నాయో. బ్లేడు పడకపోతే ఇలా వస్తాయా?"

ఆయన పకపకా నవ్వాడు. తన గుండు మీద టపటపా కొట్టుకున్నాడు. "ముప్ఫై ఏళ్ళుగా వారానికి రెండుసార్లు ఈ నెత్తి నేనే గీసుకుంటున్నాను. గీస్తే దట్టంగా వచ్చేట్టయితే, ఈపాటికి ఇక్కడ దువ్వెన విరగాలమ్మా! నీకెవరు చెప్పారు ఇది?"

"చేతికి తెలుస్తుంది. గీసినవి గుచ్చుకుంటాయి."

"గుచ్చుకుంటాయి. ఎందుకంటే బ్లేడు అడ్డంగా కోస్తుంది, కొస మొద్దుబారుతుంది. కొత్తగా మొలిచినదానికి కొస సన్నగా ఉంటుంది, అందుకని మెత్తగా తగులుతుంది. అంతేగానీ పైన కోసిన సంగతి లోపలున్న వేరుకి ఎవరు చెప్తారు? అది దాని పని అది చేసుకుపోతుంది."

నమ్మలేదు. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఆయనదైతే నాది పదిహేనేళ్ళది, దానికి పైన మా పెద్దావిడది నలభై ఏళ్ళది. ఆయన వాదించలేదు. సొరుగులోంచి చిన్న పట్టకారు తీసి, నిన్న గీసుకున్న తన గడ్డంలోంచి ఒక వెంట్రుక పట్టుకుని, "అబ్బా!" అని లాగి తెల్ల కాగితం మీద పెట్టాడు. పక్కనే నా పట్టీ మీది వెంట్రుక ఒకటి తీసి పెట్టాడు. భూతద్దం నా చేతికిచ్చాడు.

ఆయనది కోసిన పుల్లలా ఉంది. కొస చదునుగా, మొద్దుగా ఉంది. మైకుది ఒకవైపు చిన్న వేరుగడ్డతో, రెండోవైపు సూదిలా సన్నగా ముగిసింది. ఇంకొకటి తీశాను. అదీ అంతే. పట్టీ మీద ఉన్నవన్నీ ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయాను. మెడ పట్టేసేదాకా చూశాను. ఒక్కదానికి కూడా బ్లేడు తగల్లేదు.

పదిహేనేళ్ళుగా రోజుకి ఎన్ని వేల వెంట్రుకలు నా చేతుల మీదుగా పోతున్నాయో నాకే తెలియదు. వేరు ఊడిందా లేదా అని చూస్తాను. కొస చూడాలని ఒక్కనాడూ తోచలేదు. నా దీపం కింద పెద్ద భూతద్దమే ఉంది, తిరగేసి చూస్తే చాలేది.

"ఎవరికి చేశావమ్మా ఇది?" అన్నాడాయన, పట్టీ వెలుతురుకి పెట్టి. "మంచి వయసులో ఉన్న కుర్రాడిదిలా ఉంది. ఈ మధ్య మగవాళ్ళకి కూడా చేస్తున్నావా?"

పట్టీ లాక్కుని ఇంటికి వచ్చేశాను.

హీటర్లో వ్యాక్సు మాడి గదంతా వాసన. కిటికీ తెరిచి పుస్తకం తీశాను. ఇరవై ఎనిమిది రోజులు. ఇరవై అయిదు. ఇరవై. పదహారు. పదకొండు. నా దస్తూరీయే. రోజులు తగ్గుకుంటూ వస్తున్నాయి, చోటు పెరుగుకుంటూ పోతోంది. బడికెళ్ళే పిల్ల చూసినా ఏదో ఉందని చెబుతుంది. నేను ఒకే ఒక్క మాట రాసుకుని పేజీ తిప్పేశాను. బ్లేడు కాకపోతే మరేమిటి? లోపల ఏదో దీన్ని తోస్తోంది. ఆ గొంతూ జలుబు కాదు. రెండూ ఒకటే. భయం అప్పుడు మొదలైంది, కాళ్ళలోంచి. పార్లర్లో నాలుగు అడుగులు అటు, నాలుగు ఇటు, ఎంత తిరిగినా గది చాలలేదు.

పైకి వెళ్ళి తలుపు కొట్టాను. "మైకూ, తలుపు తీయి. డాక్టర్ దగ్గరికి వెళ్దాం."

"నేను రాను."

"తీయమ్మా, చెప్తాను."

"అక్కడికొచ్చి కూడా బ్లేడు సంగతి చెప్తావు. నలుగురిలో నా పరువు తీయకు వదినా."

మా ఆయన పేపరు మడిచి బయటికొచ్చాడు. ఏమైందని అడిగాడు. నేను ఆయనకి చెప్పకుండా తలుపుకే చెప్పాను. "నీ వెంట్రుకలు భూతద్దంలో చూశాను. ఒక్కదానికి కూడా బ్లేడు తగల్లేదు. నువ్వు గీయలేదు. నాదే తప్పు."

తప్పు నాది అనడం నా నోటికి అలవాటు లేని పని. మా ఆయన నన్ను వింతగా చూశాడు. మైకు గడియ తీసింది. మొహం కడుక్కున్నట్టు లేదు, కళ్ళు వాచి ఉన్నాయి. నా మీద అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"నిజంగా ఒక్కటి కూడా తెగలేదా?" అని అడిగింది.

"ఒక్కటి కూడా లేదు."

"అన్నీ చూశావా? బాగా చూశావా?"

"అన్నీ చూశాను."

"అయితే పద" అంది.

హార్మోన్ల డాక్టరమ్మ దగ్గర మా వంతు వచ్చేసరికి నేను ఆ వరండా పొడుగు ఎన్ని అడుగులో లెక్కపెట్టేశాను. నలభై రెండు. లోపలికి వెళ్ళగానే డాక్టరమ్మ ఎప్పటి నుంచి అని అడిగింది. నేను మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యెత్తి, "పేషెంటుని చెప్పనివ్వండి" అంది. నోరు మూసుకున్నాను. నాకది ఎంత కష్టమో మైకుకి తెలుసు, ఆ పరిస్థితిలోనూ పెదవి చివర నవ్వింది.

గొంతు ఎప్పుడు మారిందో చెప్పింది. నుదురు పైన జుట్టు పలచబడుతోందని చెప్పింది. అయిదు నెలలుగా నెలసరి రావడం లేదని చెప్పింది.

"అయిదు నెలలా? నాకెందుకు చెప్పలేదే?" అన్నాను ఆగలేక.

"చెప్తే అదీ బ్లేడు వల్లే అంటావేమోనని."

డాక్టరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నేను పుస్తకం ముందు పెట్టాను. ఆవిడ తేదీలన్నీ వేలు పెట్టి చదివింది. "ఇంత వివరంగా ఎవరూ రాసుకుని రారు. మాకు చాలా పనికొస్తుంది. మరి ఈ ఎర్ర అక్షరాలేంటి?"

నేను తలదించుకున్నాను. మైకే చెప్పింది. "అది మా వదిన డాక్టరీ అండీ."

డాక్టరమ్మ నవ్వలేదు. గీస్తే లావవడం, పీకితే పోవడం లాంటివేమీ జరగవనీ, పైన ఏం చేసినా లోపలి నుంచి వచ్చే హుకుం మారదనీ, ఆ హుకుం ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలనీ చెప్పింది. నెమ్మదిగా పెరిగే వెంట్రుకలు వేరు, ఇలా కొద్ది నెలల్లో గొంతుతో సహా మారడం వేరు అంది. రక్తపరీక్షలు, స్కానింగు రాసింది. అవి అయ్యేదాకా మొహం మీద వ్యాక్సు గానీ దారం గానీ పెట్టొద్దని, ఎంత వేగంగా వస్తున్నాయో తను చూడాలని నా వైపు చూసి చెప్పింది.

ఆ పదిహేను రోజులు నేను మనిషిని కాదు. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. మైకు పాసుల కౌంటరుకి సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. రోజూ పొద్దున కాఫీ ఇస్తూ గడ్డం వైపు చూడకూడదని చూపు తప్పించేదాన్ని, తప్పించి చూసేదాన్ని. నల్లగా నిండుతూ వచ్చింది. నా చేతులు దురదపెట్టేవి. నాకు తెలిసిన ఒకే ఒక్క సాయం అది, అదే చేయకూడదంటే ఏం చేయను? పార్లర్‌కి వచ్చినవాళ్ళ మీద విసుక్కునేదాన్ని. ఒకావిడ, "మధ్యలో బ్లేడు వాడాను, లావైపోతాయా?" అని భయంభయంగా అడిగింది. "ఏం కాదు, వాడుకోండి" అన్నాను. ఆవిడ నా ఆరోగ్యం బాగోలేదేమో అన్నట్టు చూసింది.

రక్తంలో మగ హార్మోను ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉందని తేలింది. స్కానింగులో ఎడమ అండాశయంలో నిమ్మకాయంత కణితి. చాలావరకు ఇలాంటివి తీసేస్తే సరిపోతాయనీ, తీసి పరీక్షకి పంపేదాకా పూర్తిగా చెప్పలేమనీ డాక్టరమ్మ అంది. మా ఆయన కుర్చీలో ముడుచుకుపోయాడు. అడగాల్సినదీ అడగకూడనిదీ నేనే అడిగాను.

"తీసేస్తే ఇవన్నీ పోతాయా?"

"కొత్తవి రావడం బాగా తగ్గుతుంది. ఉన్నవాటిని మీరే చూసుకోవాలి. నెలసరి వస్తుంది."

"గొంతో?"

ఆవిడ మైకు వైపు తిరిగి చెప్పింది. "గొంతు మాత్రం పూర్తిగా పాతది కాకపోవచ్చు. ఒకసారి మందమైన స్వరతంత్రులు మళ్ళీ పలచబడటం కష్టం. కొంచెం ముందు వచ్చి ఉంటే ఇంత మారేది కాదేమో."

ఎంత ముందు అని నేను అడగలేదు. నా పుస్తకంలో ఉంది. ఇరవై రోజుల తేదీ దగ్గర పట్టించుకున్నా అయిదు నెలలు కలిసొచ్చేవి. మైకు తలూపి, "బతకడానికి పాసుల కౌంటరుందిగా" అంది. ఆ మాట నా కోసం అంది. నేను బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

ఆపరేషన్ రోజు ఎనిమిదింటికే వార్డులో ఉన్నాం. మంచాల మధ్య తిరగడానికి చోటు లేదు. నేను మంచం కాళ్ళకి రెండుసార్లు తగిలాక, మా ఆయన నన్ను భుజం పట్టుకుని ఆపాడు. "ఇక చాలు, నువ్వు తన పక్కన కూర్చో" అన్నాడు. ఫారం మీద సంతకం పెట్టడానికి ఆయన్ని పిలిస్తే వెళ్ళాడు. అంతలో నర్సు ట్రేలో ప్లాస్టిక్ రేజరు, నురగ సబ్బు, నీళ్ళు పట్టుకొచ్చింది. గొంతులో గొట్టం పెట్టాక ప్లాస్టరు అంటించాలట, గడ్డం నున్నగా ఉంటేనే అంటుకుంటుందట.

"గీయనా?" అంది నర్సు.

"మా వదిన గీస్తుంది" అంది మైకు.

నేను ఉలిక్కిపడ్డాను. "నాకు రాదే. ఎప్పుడూ పట్టుకోలేదు."

"నేనూ ఎప్పుడూ పట్టుకోలేదు. నేర్చుకో."

నర్సు అయిదు నిమిషాలు టైమిచ్చి పక్క మంచానికి వెళ్ళింది. సబ్బు రాశాను. నురగలో మైకు మొహం చిన్నప్పటి మొహంలా చిన్నగా కనబడింది. రేజరు చెంప మీద ఆనించి కిందికి లాగాను, నురగ మధ్య ఒక చాలు నున్నగా తేలింది. నొప్పి లేదు, చప్పుడు లేదు. ఇంత తేలికైన పని కోసమా ఇంత గొడవ అనిపించింది.

"మైకూ, నేను నిన్ను నమ్మలేదు" అన్నాను. "అన్నిసార్లు చెప్పావు. ఒక్కసారి కూడా నమ్మలేదు. అది నన్ను తినేస్తోంది."

"నేనూ నన్ను నమ్మలేదు వదినా."

"అంటే?"

కప్పు వైపు చూస్తూ, నురగ కదలకుండా మెల్లగా చెప్పింది. "నువ్వు అంత గట్టిగా అంటున్నావు. పదిహేనేళ్ళ నుంచి చేస్తున్నదానివి, నువ్వెలా పొరబడతావు? నేనే నిద్రలో లేచి గీసుకుంటున్నానేమో, పొద్దునకి మర్చిపోతున్నానేమో అనుకున్నా. చేతులకి సాక్సులు తొడుక్కుని, మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండ్లు వేసుకుని పడుకునేదాన్ని. మూడు నెలలు. పొద్దున లేచి చూస్తే సాక్సులు వేసినవి వేసినట్టే ఉండేవి. గడ్డం మాత్రం ఇంకా పెరిగి ఉండేది. సాక్సులు వేసుకుని కూడా బ్లేడు ఎలా పట్టుకోగలుగుతున్నానా అని ఆలోచిస్తూ కూర్చునేదాన్ని."

నా చెయ్యి ఆగిపోయింది. సగం గడ్డం నున్నగా ఉంది, సగం నురగలో ఉంది. నర్సు పక్క మంచం దగ్గర నుంచి "అయిందా?" అని కేకేసింది. ట్రే, నీళ్ళు, మైకు మొహం, అన్నీ కలిసిపోయి ఏదీ కనబడటం లేదు.

మైకు తన తువ్వాలు తీసి నా చేతిలో పెట్టింది.

"కళ్ళు తుడుచుకుని గీయి వదినా," అంది ఆ బొంగురు గొంతుతో, "తెగుతుంది."